రాజ్యం ఉగ్గాని తిన్న రోజు

మే 3, శనివారం

కళ్ళద్దాలు మార్చుకోవాలి. అంతకుమించి ఏమీ లేదు.

ఈ డైరీ ఈయనకు పురుగుమందుల కంపెనీవాళ్ళు ఇచ్చింది. జనవరి నుంచి బీరువాలో పడి ఉంది. మామూలు పెన్నుతో రాస్తే నేను రాసింది నా కంటికే ఆనడం లేదు. అందుకని మా అమ్మాయి తనూజ హాస్టలుకు పోతూ వదిలేసిన నల్ల స్కెచ్ పెన్ను తీసుకున్నాను. అక్షరాలు ఇంతింత లావు. పేజీకి నాలుగు పంక్తులు పడితే ఎక్కువ. కానీలే, కంపెనీవాళ్ళ కాగితమే కదా.

మే 5, సోమవారం

మధ్యాహ్నం ఎప్పటిలాగే వసారాలో చేరాం. జూన్‌లో విత్తనం వేయాలి కాబట్టి ఇంట్లో వేరుశనగ కాయల మూటలు దిగాయి. మిషన్లో వేస్తే గింజ పగులుతుందని మా అత్త తిరుపతమ్మ చేత్తోనే వలిపిస్తుంది. అత్త, పక్కింటి గిడ్డమ్మ, ఎదురింటి జీవమ్మ ముగ్గురూ చాటలు ముందర పెట్టుకుని వలుస్తారు. నేను వలవను, చదువుతాను. పెళ్ళై పత్తికొండకు వచ్చిన కొత్తలో అత్త చేసిన ఏర్పాటు ఇది. "చదువుకొన్న పిల్లవు, నువ్వు చదువు, మేం వొలుస్తాం" అంది. ముగ్గురికీ అక్షరం రాదు, జీవమ్మకు సంతకం వరకు వచ్చు. ఇరవై ఏళ్ళు దాటింది. వారపత్రికల సీరియళ్ళు, లైబ్రరీ నవలలు, ఎన్ని చదివానో లెక్క లేదు. ఇన్నేళ్ళలో నేను ఒక్క కాయ పగలగొట్టింది లేదు. నా గోళ్ళు చూసి గిడ్డమ్మ ఇప్పటికీ "కలెక్టరమ్మ గోర్లు" అని ఎగతాళి చేస్తుంది.

ఇప్పుడు నడుస్తున్నది "వంతెన అవతలి ఇల్లు". అట్ట లేని లావుపాటి పాత నవల, చీమల్లాంటి అచ్చు. కృష్ణా కాలువల కింద ఊరు, రాజ్యలక్ష్మి అనే కోడలు. వీళ్ళకు రాజ్యం అంటే ప్రాణం. మొగుడు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు, అత్తమామలు ఇల్లు వదిలి పొమ్మంటున్నారు. ఈరోజు మంచి పట్టులో ఉండగా పంక్తి నడుమ అక్షరాలు చెరిగిపోయాయి. తడి వేలితో రుద్దినట్టు ఒక మచ్చ. నేను ఎటు చూస్తే మచ్చ అటే వస్తోంది. కనిపించని చోట నా సొంత మాట ఒకటి వేసి దాటేశాను. ఎవరూ గమనించలేదు.

మే 6, మంగళవారం

ఈరోజు చెరిగింది మాట కాదు, పేజీ.

మే 9, శుక్రవారం

కర్నూలు కంటి డాక్టరు దగ్గరకు ఒక్కదాన్నే పోయి వచ్చాను. ఇంట్లో అద్దాల కోసమని చెప్పాను. అబద్ధం కాదు, పోయేటప్పుడు నేనూ అదే అనుకున్నాను.

అద్దాలతో అయ్యేది కాదట. చూపుకు నడుమ భాగం అరిగిపోతోందట. పక్క చూపు ఉంటుంది, ఇంట్లో తిరగగలను, వంట చేసుకోగలను, పూర్తిగా చీకటి ఎప్పటికీ కాదు. ఆయన చాలా మంచిగా చెప్పాడు, పిల్లలకు చెప్పినట్టు రెండుసార్లు చెప్పాడు. "మరి చదవడం?" అని అడిగాను. కొన్నాళ్ళు పెద్ద అక్షరాలు చదవచ్చు, ఆ తర్వాత వినే పుస్తకాలున్నాయి అన్నాడు. చూపు లేనివాళ్ళ సంఘం ఒకటి కర్నూల్లోనే ఉందని చీటీ మీద అడ్రసు రాసిచ్చాడు. ఆ చీటీ కూడా నాకు చదవడానికి రాలేదు. బస్టాండులో ఒకామెతో చదివించుకున్నాను.

ఈయన అడిగితే "నంబరు మారిందంట" అన్నాను.

ఇక్కడ ఎవరూ చూడరు కాబట్టి రాస్తున్నాను. నాకు భయంగా ఉంది. వంటలో అత్త నాకంటే మొనగత్తె. సేద్యం ఆమెకే తెలుసు. అంగడి ఈయన చూసుకుంటాడు. ఈ ఇంట్లో నాకంటూ ఉన్న పీట చదవడమొక్కటే. అది తీసేస్తే నేను మూలన కూర్చుని "అయ్యో పాపం" అనిపించుకునే మనిషిని. గిడ్డమ్మ చెవిన పడితే సాయంత్రానికి టమోటా మార్కెట్టు దాకా పాకుతుంది.

చెప్పను. ఎవరికీ చెప్పను.

మే 12, సోమవారం

రాజ్యాన్ని ఇంట్లోంచి గెంటేశారు. చేతిలో ట్రంకు పెట్టెతో వంతెన మీద నిలబడింది. అంతవరకు పుస్తకమే. సన్నటి ఎండలో పుస్తకాన్ని పక్కకు వంచి, కంటి కొనతో ఒక్కొక్క మాట ఏరుకుని చదివాను. ఆపైన ఇక రాలేదు.

మూడు చాటలు ఆగిపోయాయి. "ఊఁ, తర్వాత?" అంది గిడ్డమ్మ.

ఏం చెప్పాలి? ఆ పిల్లను ఎండలో ఎంతసేపని నిలబెడతాను? పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. వంతెన దిగువన ఒక పూరిపాక హోటలు పెట్టించాను. బల్ల మీద కూర్చోబెట్టాను. పొగలు కక్కే బొరుగుల ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు పెట్టించాను. కడుపు నిండా తింది. గిడ్డమ్మ "తిననీ పాపం, తిననీ" అంది. జీవమ్మ కళ్ళు ఒత్తుకుంది. పేజీ తిప్పడం మాత్రం మరిచిపోలేదు.

అబద్ధం చదివినందుకు తిండి సహిస్తుందా అనుకున్నాను. రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మే 15, గురువారం

అన్నంలో రాయి తగిలింది. ఈయన తీసి కంచం పక్కన పెట్టాడు. సాయంత్రం అత్త బియ్యం డబ్బా తన పక్కకు లాక్కుంది. "నాకు పొద్దు పోవాల, ఈ బియ్యం నేను ఏరుకుంటా లే" అంది. మంచిదే అయింది. నాకు ఎన్నో పనులు.

మే 20, మంగళవారం

రాజ్యం రైలెక్కింది. డోన్ జంక్షన్‌లో దిగింది. అక్కడ ఆమెకు ప్రేమజ్యోతి అనే నర్సు స్నేహం కుదిరింది. ఆదివారం చర్చిలో ఆరాధనకు తప్పకుండా పోతుంది, మంచి పిల్ల. జీవమ్మ మొహం విప్పారింది. ఆమె కోసమే పెట్టాను. గిడ్డమ్మ కోసం ఒక దొంగ శేషయ్యను పెట్టాను, ఆమెకు తిట్టడానికి ఎవరో ఒకరు కావాలి. అత్తకు ఏం కావాలో నాకు తెలియడం లేదు. చెవి ఇటు పెట్టి, మాట్లాడకుండా వలుస్తుంది. కథ మంచి చోట ఆగినప్పుడు మాత్రం ఒక గింజ తీసి నా అరచేతిలో పెడుతుంది.

సిగ్గుపడాల్సింది పోయి సంతోషంగా ఉన్నాను. పొద్దున ఇంటి ముందు నీళ్ళు చల్లుతున్నప్పుడే రాజ్యం ఏం చేయాలా అని ఆలోచన మొదలవుతుంది.

కానీ ఒకటి లోపల తొలుస్తోంది. అసలు రాజ్యం ఏమైంది? పుస్తకం నా ఒళ్ళోనే ఉంది, సగం మిగిలే ఉంది, నాకు తెలిసే దారి లేదు. ఇంత ఆకలి నాకు ఏ అన్నం మీదా లేదు.

మే 24, శనివారం

చీటీలోని అడ్రసుకు పోయాను.

పాత ఇంటి మేడ మీద రెండు గదులు. శనివారాల్లో అక్కడ నేర్పించే ఆయన యేసుప్రసాద్. డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్తాడు, పుట్టుకతోనే చూపు లేదు. పెద్ద గొంతు, దానికి తగిన నవ్వు. "ఎవరికమ్మా?" అన్నాడు. "మా అత్తకు సార్" అన్నాను. నోట్లోంచి అదే వచ్చేసింది. అత్తకు శుక్లాల ఆపరేషనై నాలుగేళ్ళు దాటింది, సూదిలో దారం ఎక్కిస్తుంది.

"అయితే మీరు నేర్చుకోని పోయి మీ అత్తకు నేర్పండి" అని ఒక పెట్టె నా చేతిలో పెట్టాడు. చిన్న రేడియో అంత ఉంది. ఒక్కొక్క బటన్ ఒక్కో ఆకారం. నడుమ చుక్క ఉన్నది నొక్కితే చదువుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. బాణాలు నొక్కితే ఒక అధ్యాయం ముందుకో వెనక్కో పోవచ్చు. చదివే వేగం పెంచవచ్చు, తగ్గించవచ్చు. గుండ్రటి గుంత ఉన్నది నొక్కి మాట్లాడితే మన గొంతే లోపల దాచిపెడుతుంది. ఎప్పుడు ఆపినా, మళ్ళీ పెడితే ఆగిన చోటి నుంచే ఎత్తుకుంటుంది.

"పేజీ గుర్తు పెట్టుకొనే పని ల్యా. దానికి మనకంటే గ్యాపకం ఎక్కువ" అన్నాడు. "మీ అత్తకు ఏం పుస్తకం కావాల?"

"వంతెన అవతలి ఇల్లు సార్. ఉందా? చివర ఏమవుతుందో..." అని ఆగిపోయాను.

ఆయన తల పక్కకు వంచి విన్నాడు. తర్వాత ఒక మెమరీ కార్డు వెతికి పెట్టెలో వేశాడు. ఎవరో పుణ్యాత్మురాలు ఆ నవలంతా చదివి రికార్డు చేసి ఇచ్చిందట. రెండు వారాలు వాడుకుని తెమ్మన్నాడు. సొంతంగా కావాలంటే డాక్టరు సర్టిఫికెట్టు తెచ్చి పేరు రాయించుకోవాలి. "మీ అత్త సర్టిఫికెట్టు" అని నవ్వాడు.

నేను నవ్వలేదు.

మే 25, ఆదివారం

పెట్టె బియ్యం డబ్బా వెనక దాచాను. వంట చేస్తున్నంతసేపూ పెట్టె నడుముకు దోపుకుని, చెవి తీగ కొంగు కింద నుంచి పైకి తీసుకున్నాను. ఒక చెవిలో రాజ్యం, ఒక చెవిలో కుక్కరు.

చదివే ఆమెది కోస్తా గొంతు. మెత్తగా, తొందర లేకుండా చదువుతోంది. మొదటి వాక్యానికే నాకు ఏడుపు ఆగలేదు. ఉల్లిపాయలు ముందరే ఉన్నాయి కాబట్టి ఇబ్బంది లేకపోయింది. ఇన్ని రోజులూ నేను మచ్చతో కుస్తీ పడుతూ చదివాను. ఈమె అక్షరాలను బతిమాలకుండానే చదువుతోంది. ఏ అక్షరమూ నా నుంచి పారిపోవడం లేదు. ఇరవై ఏళ్ళు ముగ్గురికి చదివి పెట్టాను కానీ, నాకు ఒకరు చదివి పెట్టడం ఇదే మొదలు.

నాలుగు అధ్యాయాలు విన్నాను. పప్పు మాడింది. అత్త మాడిన పప్పు చాలా రుచిగా ఉందంది. ఆమెకు నోరు కూడా పాడైనట్టుంది.

మే 26, సోమవారం

అసలు రాజ్యం వంతెన మీద నుంచి రైలుకు పోలేదు. తిరిగి ఆ ఇంటికే పోయి కాళ్ళమీద పడింది.

నా రాజ్యం ఈరోజు డోన్‌లో హోటలుకు గది చూసుకుంది.

మే 29, గురువారం

చంపేశారు.

మే 30, శుక్రవారం

నిన్న కోపంతో రాయలేకపోయాను. ఇరవై మూడో అధ్యాయం. చాకిరీ చేసి చేసి జబ్బుపడి చచ్చిపోయింది. మొగుడు సరిగ్గా అప్పుడే ఊళ్ళోకి దిగుతున్నాడు. వాడు వచ్చి ఏడుస్తాడు, ఊరు ఊరంతా ఏడుస్తుంది, ఆమె దేవత అంటారు. మిగతాది నేను వినలేదు. అక్కడే నొక్కి ఆపేశాను.

ఆ చదివిన ఆమె మీద కూడా కోపం వచ్చింది. పాపం, ఆమె ఏం చేస్తుంది. ఆమెకు అక్షరాలు కనిపిస్తాయి కదా, ఉన్నదే చదవాలి.

జూన్ 3, మంగళవారం

నాకు రెండు మనసులు. నిజం చెప్పి రాజ్యాన్ని పూడ్చేసి, పుస్తకం అయిపోయిందని చేతులు దులుపుకోవచ్చు. తర్వాత ఇంకో పుస్తకం అడుగుతారు. దాన్ని ఎట్లా చదువుతాను? లేదా ఇట్లాగే సాగదీయాలి. ఎన్నాళ్ళు? గిడ్డమ్మ ఈరోజు "ఎంత లావు పుస్తకమమ్మా ఇది, అయిపోయేదే ల్యా" అంది. ఆమె మెచ్చుకోలుగానే అంది. నేను గబగబా ఇంకో పేజీ తిప్పాను.

జూన్ 6, శుక్రవారం

రాజ్యం హోటలుకు రిబ్బను కట్టాం. ఊరంతా ఉగ్గానికి వచ్చింది. కలెక్టరు కారు ఆపి తిన్నాడు. "అట్లుండాల!" అని గిడ్డమ్మ చాట మీద చరిచింది, గింజలన్నీ వసారా నిండా దొర్లాయి. నేనూ ఏరబోయాను. నా చేతికి ఒక్కటీ దొరకలేదు. అత్త "నువ్వు లెయ్యి, కాలు కింద పడతాయి" అని నన్ను పక్కకు జరిపింది.

జూన్ 8, ఆదివారం

నిన్న జరిగింది నిన్ననే రాయడానికి చేతులు ఆడలేదు.

పొద్దున్నే కర్నూలు బయలుదేరాను. డాక్టరు రమ్మన్న రోజు, పెట్టె తిరిగి ఇవ్వాల్సిన రోజు కూడా అదే. బస్సు కోడుమూరు దాటాక సంచిలో చేయి పెడితే చెవి తీగ ఉంది, పెట్టె లేదు. పెట్టె బియ్యం డబ్బా వెనకే ఉండిపోయింది. ఇంతటి తెలివైనదాన్ని నేను. డాక్టరుకు చూపించుకుని, సంఘానికి పోకుండానే తిరిగి వచ్చాను.

ఇంటికి చేరేసరికి మిట్ట మధ్యాహ్నం. వసారాలో ముగ్గురూ ఉన్నారు కానీ కాయలు వలిచే చప్పుడు లేదు. మూడు చాటల నడుమ, బోర్లించిన గంప మీద పెట్టె. కోస్తా గొంతు మెత్తగా చెప్తోంది. "ఇంతటితో వంతెన అవతలి ఇల్లు నవల సమాప్తం."

నా కాళ్ళు గడపలోనే ఆగిపోయాయి.

"రాజ్యం సచ్చిపాయె గదమ్మా సుప్రజమ్మా!" అంది గిడ్డమ్మ. గొంతు బొంగురుపోయి ఉంది, ఏడ్చినట్టుంది. "నిన్న గదా హోటలు పెట్టింది! కలెక్టరు తిని మెచ్చుకొనె గదా! రాత్రికి రాత్రి ఆ పాడింటికి మళ్ళా ఎందుకు పాయె?"

"ప్రేమజ్యోతి యాడికి పాయె?" అంది జీవమ్మ. "ఎంతసేపు విన్నా ఆ యమ్మి పేరే రాల్యా. సావు కాడికన్నా రావద్దా? నర్సు గదా!"

ఏదో చెప్పబోయాను, ఏం చెప్పబోయానో ఇప్పుడు గుర్తు లేదు.

"ఎండలో వచ్చినాది పిల్ల. నీళ్ళన్నా తాగనీండి" అంది అత్త. "ఇంగ పోండి మీరు. రేపు రాండి."

"రాజ్యం సంగతి?" అంది గిడ్డమ్మ.

"రేపు రాండంటి గదా!"

వాళ్ళు పోయారు. అత్త చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతికి ఇచ్చింది. చేతికి అంటే, నా వేళ్ళు పట్టుకుని చెంబు చుట్టూ పెట్టింది.

"బియ్యం డబ్బా యెనక పెట్టుకొంటివి" అంది. "బియ్యం ఏరేది నేను గదా. వచ్చిన మర్రోజే చూస్తి. ఈ పొద్దు నువ్వు లేకపోతివి, వాళ్ళిద్దరూ కథ కథ అని పానం తీసిరి. సుప్రజ రేడియో ఉండాదిలే అని నడుమ ఉండేది నొక్కితి. అది ఇట్ల చేస్తాదని నాకేం తెల్సు."

"అత్తా, నాకు..."

"నీకు అచ్చరాలు కనపడ్తా లేవు. తెల్సు."

నేను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. ఎట్లా తెలుసని అడిగాను.

"చదివేటోళ్ళ కండ్లు సాలు దున్నినట్ల పోతాయి" అంది. "ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పోయి, మళ్ళా తిరుక్కోని కింది సాలు పట్టుకుంటాయి. ఇరవై ఏండ్ల నుంచి చూస్తాండా నీ కండ్లు. నాకు చదివేది రాదు గానీ, నువ్వు చదివేది చూసేది వచ్చు. ఈ మధ్య అవి దున్నడం ల్యా. ఒక్క తావే నిలబడినాయి. అనుమానంగా ఉండె. రాజ్యం ఉగ్గాని తిన్న పొద్దు అనుమానం తీరిపాయె."

"ఉగ్గానా?"

"ఆ కాలవల దేశంలో ఉగ్గాని యాడుంటాది? పుష్కరాలకు ఆడికి పోయినప్పుడు ఊరంతా యెతికితి నేను. ఇడ్లీ పెట్టిరి, ఉప్మా పెట్టిరి, ఉగ్గాని అంటే ఏందని అడిగిరి."

నాకు నవ్వొచ్చింది. నవ్వుతోనే ఏడుపు కూడా వచ్చింది, రెండూ కలిసిపోయాయి. పొరపాటుకు కూడా తట్టలేదు నాకు. ఆకలిగా ఉన్న మనిషికి ఏం పెట్టాలంటే ఉగ్గాని తప్ప నాకు ఇంకేం తెలుసు?

"మరి అడగలేదే అత్తా ఇన్ని రోజులూ?"

"అడిగితే నిలిపేస్తావు గదా. తిన్యాక ఆ యమ్మి యాడికి పోతాదో నాకు తెల్సుకోవాలనిపించె" అంది. నా మోకాలు మీద చేయి వేసింది. "ఇంగొకటి. పొద్దన్నుంచి మొగం ముడుచుకోని తిరుగుతాంటివి. రాజ్యం కథ చెప్పేటప్పుడు మాత్రం బాగుంటాంటివి. దాన్ని నేను యాడ చెడగొట్టేది?"

బియ్యం డబ్బా, మాడిన పప్పు, దొర్లిన గింజలు, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. నేను ఆమెకు దాచాను. నేను దాస్తున్నానని తెలిసి, తెలిసిన సంగతి ఆమె నాకు దాచింది. డాక్టరు చెప్పిందంతా చెప్పేశాను, ఒక్క ముక్క మిగల్చకుండా. పక్క చూపు ఉంటుందన్న మాట అత్త రెండుసార్లు చెప్పించుకుంది. "అయితే పొయ్యి కాడికి రావచ్చు, చేనికి రావచ్చు" అంది. "సగం బతికింది."

నెల రోజుల తర్వాత నిన్న ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

జూన్ 9, సోమవారం

అత్తే ఈయనకు చెప్పింది. నేను వంటింట్లో నిలబడి విన్నాను. తర్వాత లోపలికి వచ్చి "నాకు చెప్పింటే నేను వస్తాంటి గదా కర్నూలుకు" అన్నాడు. అంతే అన్నాడు. ఆయన మొహం నాకు మచ్చలో ఉంది కానీ గొంతు దగ్గరగా ఉంది. పక్కకు తిరిగి చెవులు చూశాను. చెవులు ఎర్రగా ఉన్నాయి.

జూన్ 10, మంగళవారం

ఈరోజు పొద్దున కాఫీతో పాటు పేపరు పట్టుకుని నా పక్కన కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. చుక్క దగ్గర ఆగడు, కామా దగ్గర ఆగడు, మొదటి పేజీ వార్తను లోపలి పేజీ వార్తతో కలిపేస్తాడు. నా కళ్ళు పోయినందుకన్నా ఆయన చదువుకు ఎక్కువ బాధపడ్డాను. రెండుసార్లు సరిదిద్దితే "చూడకుండా ఎట్ల చెప్తాండావు?" అని ఆశ్చర్యపోయాడు. రేపు కూడా చదువుతాడట. వద్దనలేదు.

జూన్ 14, శనివారం

నేనూ అత్తా పెట్టె పట్టుకుని సంఘానికి పోయాం. సంచిలో నా సర్టిఫికెట్టు ఉంది.

"రాండమ్మా రాండి. మీ అత్త నేర్చుకొన్యాదా?" అన్నాడు యేసుప్రసాద్.

"ఈడే ఉండానప్పా" అంది అత్త.

"చూపు ఎట్లుండాదమ్మా మీకు?"

"నాకేమప్పా, దేవుని దయవల్ల బాగుండాది. మీ చొక్కాకు పైగుండీ ఊడింది, అది కూడా కనపడ్తాండాది."

ఆయన గది దద్దరిల్లేట్టు నవ్వాడు. నేను సర్టిఫికెట్టు ఆయన చేతిలో పెట్టి "పేరు సుప్రజ సార్" అన్నాను. నా గొంతు వణకలేదు. వణుకుతుందనే అనుకుంటూ వచ్చాను.

"తెల్సు. మొదటి పొద్దే తెల్సు" అన్నాడు. "అత్తల కోసం వచ్చేటోళ్ళు భక్తి పాటలు అడుగుతారు. కథ చివర ఏమైతాదో అని పానం కొట్టుకునేది సొంతానికి వచ్చినోళ్ళకే."

ఇప్పుడు పెట్టె నాది. లోపల నా ఒక్క జన్మకు సరిపడా పుస్తకాలు. బస్సులో అత్త అడిగింది, "ఇంగ దీంట్లో అందరూ సస్తారా?" కనుక్కుని చెప్తానన్నాను.

జూన్ 17, మంగళవారం

ఇది రాయడం లేదు. చెప్తున్నాను. గుండ్రటి గుంత ఉన్న బటన్ నొక్కాను, స్కెచ్ పెన్ను కూడా ఎటూ ఎండిపోయింది. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

పొద్దున వాన పడింది. పదును బాగుందని ఈయన ట్రాక్టరుకు చెప్పాడు, ఎల్లుండి విత్తనం. చివరి మూట మిగిలింది. మధ్యాహ్నం నలుగురం చేరాం. ముందు కాసేపు పెట్టె పెట్టాను, ఒక కొత్త పుస్తకం. అందరం విన్నాం, నేను కూడా వాళ్ళలో ఒకదాన్నై విన్నాను. బాగుంది. అధ్యాయం కాగానే గిడ్డమ్మ గొంతు సవరించుకుంది. వారం రోజులుగా ఆమె నన్ను సూటిగా ఏమీ అడగలేదు. అత్త ఏం చెప్పిందో తెలియదు. మార్కెట్టు దాకా మాత్రం పాకలేదు.

"సుప్రజమ్మా, ఆ కోస్తామె చదివిన పుస్తకంలో రాజ్యం సచ్చిపాయె. సరే. అది ఆమె పుస్తకం" అంది. "మన రాజ్యం బాగానే ఉండాది గదా?"

"బాగుంది గిడ్డత్తా."

"హోటలు?"

"కిటకిటలాడుతోంది."

జీవమ్మ నిట్టూర్చి "దేవునికి స్తోత్రం" అంది. "ప్రేమజ్యోతి?"

"అక్కడే ఉంది. చెప్తా ఆగు."

అలవాటు కొద్దీ పాత నవల తెచ్చుకుని ఒళ్ళో తెరిచి పెట్టుకున్నాను. అది లేకపోతే మాట వస్తుందో రాదో అని నాకు భయమే. అత్త చేయి చాచి ఆ పుస్తకం తీసి పక్కన పెట్టింది. దాని చోట నా ఒళ్ళో చాట పెట్టి, రెండు దోసిళ్ళ కాయలు పోసింది.

"కథ నోటితో చెప్తాండావు గదా" అంది. "చేతులు ఖాళీగా ఉండాయి. వొల్చు."